తామారు పక్షమున ఎవరు మాటలాడిరి?

బాలల రక్షణ చట్టమును గూర్చి ఒక బైబిలు పాఠము

చదువవలసిన భాగము: 2 సమూయేలు 13:1–22
ధ్యానమునకు: లేవీయకాండము 5:1, 1 సమూయేలు 3:15–18, మత్తయి 18:1–14



ఎక్కడనైనను పసిబిడ్డపై ఘోరము జరిగినదని వార్త వచ్చినప్పుడెల్ల మన ఊళ్లలో రచ్చబండ యొద్దను, టీ కొట్టు యొద్దను, ఆరాధన ముగిసి గుడి ముంగిట నిలిచినప్పుడును ఒకే మాట వినబడుచుండును. అట్టివానిని ఉరి తీయవలెననియు, చట్టము ఇంకను గట్టిగా నుండవలెననియు అందరు అందురు. ఆ మాటలో ధర్మాగ్రహమున్నది. దానిని నేను తప్పుపట్టను. బిడ్డకు హాని జరిగినదని విని మండని హృదయము ప్రభువు హృదయమును ఎరుగని హృదయమే. అయితే ఈ నెల పాఠములో మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. శిక్ష ఎంత పెద్దదైనను, అది దోషి తలమీదికి రాకమునుపు ఎవరో యొకరు నోరు తెరవవలెను గదా. ఆ నోరు ఎవరిది?

1. చట్టము ఎట్లు గట్టిపడినది

లైంగిక నేరములనుండి బాలలను కాపాడుటకు మన దేశములో ప్రత్యేకమైన చట్టము 2012లో చేయబడి, ఆ సంవత్సరము నవంబరు 14న, బాలల దినోత్సవమునాడు, అమలులోనికి వచ్చినది. దానిని పోక్సో చట్టమని పిలుచుచున్నారు. పదునెనిమిది సంవత్సరములు నిండనివారందరు, ఆడపిల్లలైనను మగపిల్లలైనను, ఆ చట్టము దృష్టిలో బిడ్డలే. అంతకుముందు ఇట్టి నేరములను పెద్దలకొరకు వ్రాయబడిన శిక్షాస్మృతి ప్రకారమే విచారించుచుండిరి. మగపిల్లవానికి జరిగిన ఘోరము అత్యాచారమను నిర్వచనములోనికే వచ్చెడిది కాదు.

తరువాత శిక్షలను ఇంకను పెంచవలెనని దేశమంతట కోరిక బయలుదేరెను. పన్నెండేండ్లలోపు ఆడపిల్లపై అత్యాచారము చేసినవానికి మరణశిక్ష వరకు విధింపవచ్చునని 2018లో శిక్షాస్మృతిని సవరించిరి. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఆ నియమము నిలిచియున్నది. 2019లో పోక్సో చట్టమునే సవరించుటకు ఒక బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చెను. రాజ్యసభ జులై 24న, లోక్‌సభ ఆగస్టు 1న దానిని ఆమోదించెను. ఆగస్టు 16న అది అమలులోనికి వచ్చెను. అంతకుముందు అత్యాచారమునకు కనీస శిక్ష ఏడేండ్లుండగా దానిని పదేండ్లకు పెంచిరి. బిడ్డకు పదునారేండ్లు నిండనియెడల కనీసము ఇరువదేండ్లు చేసిరి. నేరము మరి తీవ్రమైనదైతే ఇరువదేండ్లకు తక్కువ కాకుండ, బ్రతికినంతకాలము జైలు వరకు, లేదా మరణశిక్ష విధింపవచ్చునని వ్రాసిరి.

అదే సంవత్సరము డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ పేరిట బిల్లులను ఆమోదించినది మీలో అనేకులకు జ్ఞాపకముండును. ఏడు పనిదినములలో దర్యాప్తు, పదునాలుగు పనిదినములలో విచారణ ముగియవలెనని, స్త్రీలపైనను పిల్లలపైనను నేరములకు శిక్షలు పెరుగవలెనని ఆ బిల్లులలో ఉద్దేశించిరి. అయితే రాష్ట్రపతి ఆమోదము లభింపనందున అది చట్టముగా అమలులోనికి రాలేదు.

శిక్ష పెంచినంత మాత్రమున నేరము తగ్గునా అను విషయములో పెద్దలు ఒకే మాటమీద లేరు. భయము పుట్టింపవలెనని కొందరందురు. జస్టిస్ జె. ఎస్. వర్మ కమిటీ 2013 జనవరిలో ఇచ్చిన నివేదికలో అత్యాచారమునకు మరణశిక్షను సిఫారసు చేయలేదు. పిల్లల విషయములోనైతే ఆలోచింపదగిన మరియొక సంగతి యున్నది. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనములో పదమూడు రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారించిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది, అనగా నూటికి 53 మంది, ఏదో యొక విధమైన లైంగిక దుష్క్రియకు గురియైనట్లు తెలిపిరి. అట్టివారు ఎక్కువగా కనబడిన నాలుగు రాష్ట్రములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దోషులలో ఇంచుమించు సగముమంది బిడ్డ ఎరిగినవారో, బిడ్డ నమ్మినవారో అయియుండిరి. ఆ బిడ్డలలో చాలమంది ఆ సంగతి ఎవరితోను చెప్పనేలేదు.

ప్రియులారా, ఈ చివరి రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. దోషి దారిన పోవు దొంగయైతే ఊరంతయు కర్రలు పట్టుకొని లేచును. దోషి మేనమామయైతే, పెదనాన్న కొడుకైతే, అప్పు ఇచ్చిన ఆసామియైతే, పాఠము చెప్పు మాస్టరైతే? అప్పుడు శిక్ష ఎంత పెద్దదో ఇంటివారి నోరు అంత గట్టిగా మూతపడును. వాని జీవితము పాడగునని, వాని భార్యాబిడ్డలు వీధిని పడుదురని చెప్పి బిడ్డ నోటిమీద చెయ్యి పెట్టుదురు. కాబట్టి గట్టి చట్టము కావలెనని కోరువారు గట్టి గుండెను కూడ కోరుకొనవలెను.

2. దావీదు ఇంటిలో చట్టము లేకపోయెనా?

ఇప్పుడు మన వాక్యభాగమునకు వత్తము. దావీదు కుమార్తె తామారు. దావీదు జ్యేష్ఠ కుమారుడైన అమ్నోను ఆమెకు సవతితల్లి కొడుకు. వానికి దురాలోచన చెప్పినవాడు యోనాదాబు, దావీదు అన్నకొడుకే. అమ్నోను రోగము నటించి పరుండెను. చెల్లెలు వచ్చి తన కన్నులయెదుట రొట్టెలు చేసి పెట్టవలెనని రాజును అడిగెను. రాజే కబురుచేసి కుమార్తెను ఆ యింటికి పంపెను. గమనించుడి: పరాయివాడెవడును ఈ కథలో లేడు. ఆలోచన చెప్పినవాడు బంధువు, చేసినవాడు అన్న, తెలియక పంపినవాడు తండ్రి. జరిగిన చోటు అడవి కాదు, అన్న పడకగది.

తామారు తనకు చేతనైనంత మాటలాడెను. ఇట్టి పని ఇశ్రాయేలులో జరుగరాదని, తనకు అవమానమని, అతనికిని దుష్టుడను పేరని బతిమాలెను. అతడు వినలేదు. ఘోరము జరిగిన పిమ్మట వాని కోరిక ద్వేషముగా మారెను. పనివాని పిలిచి ఆమెను వెలుపలికి నెట్టించి తలుపు గడియ పెట్టించెను. ఆమె తలమీద బూడిద పోసికొని, రాకుమార్తెలు తొడుగుకొను నిలువుటంగీని చింపుకొని, ఏడ్చుచు వీధిని నడిచిపోయెను.

చట్టము ఆ దినమున లేకపోయెనా? ఉన్నది. తండ్రి కుమార్తెను చెరిపినవాడు జనుల కన్నులయెదుట కొట్టివేయబడవలెనని లేవీయకాండము 20:17లో వ్రాయబడియున్నది. బలాత్కరింపబడిన చిన్నదానియందు పాపమేమియు లేదని, అది ఒకడు తన పొరుగువానిమీద పడి చంపినవంటి పని యని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చెప్పుచున్నది. చట్టమున్నది, శిక్షయున్నది, తీర్పు తీర్చు రాజు ఆ యింటిలోనే యున్నాడు. అయినను తామారుకు న్యాయము జరుగలేదు. ఎందుచేత?

అబ్షాలోము ఆమెకు తోడబుట్టినవాడు. ఆమెను చూడగానే అతడు సంగతి గ్రహించెను. కాని ఆమెతో చెప్పినదేమి? వాడు నీ అన్న, ఊరకుండుము, మనస్సున పెట్టుకొనవద్దు అని. ఎంత మృదువుగా చెప్పినను అది గోరీమీద పెట్టిన రాయివంటి మాట. తామారు ఆ తరువాత ఈ గ్రంథములో మరల నోరు తెరువలేదు. అన్న యింటిలో దిక్కులేనిదానివలె పడియుండెనని మాత్రము చదువుచున్నాము.

దావీదు విని మిక్కిలి కోపించెను. అంతే. కుమారుని పిలువలేదు, విచారింపలేదు, కుమార్తె కన్నీరు తుడువలేదు. గొల్యాతు నెదిరించినవాడు తన కొడుకు నెదిరింపలేకపోయెను. అప్పటికే బత్షెబ విషయములో పడి లేచినవాడు గనుక తన నోటికి అర్హత లేదని తలంచెనేమో, వాక్యము చెప్పుటలేదు. వాక్యము చెప్పునది ఇదే: రాజునకు కోపము వచ్చెను, ఏమియు చేయలేదు. మన రచ్చబండ కోపము కూడ అట్టిదే కాదా? దూరపు పట్టణములో జరిగినదానికి ఉరి కోరుదుము. మన పేటలో జరిగినదానికి తల వంచుకొందుము.

అబ్షాలోము ఊరకుండెను గాని మరువలేదు. రెండు సంవత్సరములు పగను దాచుకొని, గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు పండుగలో అమ్నోనును చంపించి గెషూరునకు పారిపోయెను. పిమ్మట తండ్రిమీదనే తిరుగబడెను. న్యాయస్థానములో మాటలాడవలసిన దినమున మూసిన నోరు తరువాత కత్తియై తెరుచుకొనెను. ఆ కత్తివలన తామారుకు ఏమి మేలు కలిగెను? ఏమియు లేదు. కాబట్టి దోషిని పట్టి కొట్టుటయు, ఇల్లు తగులబెట్టుటయు న్యాయమని తలంపవద్దు. విచారించి తీర్పు తీర్చుటకు దేవుడు అధికారులను నియమించెనని రోమీయులకు 13వ అధ్యాయములో నేర్చుకొనుచున్నాము. దోషి కానివాడు నిందపాలు కాకుండునట్లును ఆ విచారణ అవసరమే.

3. ఒక ఒప్పుకోలు

ఇది వ్రాయుటకు నాకు చాల కాలము పట్టినది. నేను చిన్న వయస్సులో ఒక పల్లె సంఘమునకు కాపరిగా నున్నప్పుడు, ఆదివార పాఠశాలలో కంఠత వాక్యములు అందరికంటె ముందుగా చెప్పు చిన్నది ఒకతె యుండెను. కొన్ని వారములు ఆమె రాలేదు. వచ్చినప్పుడు తల్లి కొంగు విడువలేదు. వాక్యము చెప్పుమంటే నేలను చూచుచు నిలిచెను. కొన్ని దినములకు పెద్దలు నన్ను పిలిచిరి. చింతచెట్టు క్రింద పది మంది కూర్చుండియుండిరి. దోషి ఆ బిడ్డకు దగ్గర బంధువు. గుడి పైకప్పుకు ఇచ్చినవారిలో ఎక్కువ ఇచ్చినవాడు. వారు అంతకుమునుపే తీర్మానము చేసికొనియుండిరి. అతడు కొంత సొమ్ము చెల్లించును, బిడ్డను అమ్మమ్మ ఊరికి పంపుదురు, సంగతి ఇంతటితో ముగియును. “పాదిరిగారు, మీరు క్షమాపణను గూర్చి ఒక మాట చెప్పి ప్రార్థన చేయుడి” అనిరి.

నేను ప్రార్థన చేసితిని.

బిడ్డ ఆ కూటములో లేదు. ఏమి కావలెనని ఆమెను ఎవరును అడుగలేదు, నేనును అడుగలేదు. మరుసటి సోమవారము తెల్లవారుజామున ఆమెను బస్సు ఎక్కించిరి. దోషి తరువాతి ఆదివారము తన చోటనే కూర్చుండెను. ఆయనకు నేను ప్రభురాత్రి భోజనపు రొట్టెను అందించితిని.

అది 2012 చట్టమునకు ముందటి సంగతి యని నన్ను నేను చాల కాలము ఓదార్చుకొంటిని. కాని లేవీయకాండము 5:1 అప్పటికే నా బైబిలులో ఉన్నది. ఒకడు చూచినదానినిగాని తెలిసికొనినదానినిగాని సాక్ష్యముగా చెప్పవలసివచ్చినప్పుడు చెప్పనియెడల ఆ దోషమును తానే భరించునని అక్కడ వ్రాయబడియున్నది. మోషే కాలమునుండి ఉన్న ఆజ్ఞ అది. నేను అబ్షాలోము మాటకు ఆమేన్ చెప్పితిని. మీలో ఎవరైనను అట్టి చెట్టు క్రింద ఒక దినమున కూర్చుండవలసి వచ్చును గనుక దీనిని వ్రాయుచున్నాను.

4. చెప్పకుండుటయు నేరమే

పోక్సో చట్టము 19వ సెక్షను లేవీయకాండపు మాటకు చాల దగ్గరగా నున్నది. బిడ్డపై నేరము జరిగినదని తెలిసినవారును, జరుగునని అనుమానము గలవారును, ఎవరైనను సరే, పోలీసువారికి తెలియజేయవలెను. తెలియజేయనివానికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. ఒక సంస్థకు అధికారియైనవాడు తన చేతి క్రిందివాని నేరమును దాచినయెడల ఒక సంవత్సరము వరకు జైలు, జరిమానా. బిడ్డ తానే చెప్పలేకపోయినచో బిడ్డకు శిక్ష లేదు. మంచి మనస్సుతో తెలియజేసినవానిపై కేసు ఉండదు. పగతో బొంకు ఫిర్యాదు చేయువానికి మాత్రము శిక్ష కలదు.

5వ సెక్షను మనము వణకుచు చదువవలసినది. విద్యా సంస్థలోగాని మత సంస్థలోగాని యాజమాన్యములోనున్నవాడు, పనివాడు, ఆ సంస్థలోని బిడ్డపై అత్యాచారము చేసినయెడల అది తీవ్రమైన నేరముగా లెక్కింపబడును. బంధువులను, బిడ్డ నమ్మకమును పొందినవారిని కూడ ఆ వరుసలోనే పెట్టిరి. గుడి, బడి, బోర్డింగు, ఇల్లు — బిడ్డ ఎక్కడ నమ్మకముతో తలుపు తీసికొని లోపలికి వచ్చునో అక్కడ జరిగిన ద్రోహమునకు శిక్ష ఎక్కువ. ప్రభువైన యేసు తిరుగటి రాయిని గూర్చి చెప్పిన మాటకు (మత్తయి 18:6) లోకపు చట్టము ఆలస్యముగానైనను చెవియొగ్గినట్లున్నది.

సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న ఇచ్చిన ఒక తీర్పు మన సరిహద్దుకు దగ్గరనే, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, గిరిజన బాలికలు చదువుకొను ఒక పాఠశాల హాస్టలును గూర్చినది. బిడ్డలకు వైద్యము చేసిన ఒక వైద్యుడు సంగతి తెలిసియు పోలీసులకు చెప్పలేదని ఆరోపణ. ఆయనపై కేసును హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసి, తెలిసియు చెప్పకుండుట తీవ్రమైన నేరమని, అది దోషులను కాపాడుటయే యని చెప్పెను. మరియు 2024 నవంబరు 7న, రాజస్థాన్‌నుండి వచ్చిన ఒక వ్యాజ్యములో, ఉపాధ్యాయునికిని బాలిక తండ్రికిని జరిగిన రాజీని చూపి కేసును ముగించుట చెల్లదని తీర్పు చెప్పెను. ఇట్టి నేరము రెండు కుటుంబముల మధ్య సొంత తగవు కాదు, సమాజమంతటికిని విరోధమైనది. కాబట్టి చింతచెట్టు క్రింద చేయు తీర్మానము దేవుని యెదుటను నిలువదు, న్యాయస్థానము నెదుటను నిలువదు.

5. క్షమాపణ మాటేమి?

క్రైస్తవులమైన మనము క్షమింపవద్దా యని కొందరు అడుగుదురు. క్షమించువారు గాయపడినవారు, వారి పక్షమున పది మంది మగవారు కూర్చుండి క్షమించుటకు అధికారము లేదు. సిలువమీద మారుమనస్సు పొందిన దొంగను జ్ఞాపకము చేసికొనుడి. తాను పొందిన శిక్ష న్యాయమైనదని అతడు ఒప్పుకొనెను. ప్రభువు అతనికి పరదైసును వాగ్దానము చేసెను గాని సిలువనుండి దింపలేదు. నిజముగా పశ్చాత్తాపపడినవాడు న్యాయాధిపతి యెదుటికి వెళ్లుటకు వెనుదీయడు. జైలులోనున్నవాని కొరకు ప్రార్థించుట, వాని భార్యాబిడ్డలకు సంఘము అన్నము పెట్టుట క్రీస్తు ప్రేమయే. వానిని జైలునుండి తప్పించుటకు బిడ్డ నోరు నొక్కుట ఆ ప్రేమ కాదు.

6. ఏలీ అడిగినట్లు అడుగుడి

బాలుడైన సమూయేలు ఒక రాత్రి భయంకరమైన మాట వినెను. అది తన పెద్దయైన ఏలీ యింటిని గూర్చిన మాట. ఏలీ కుమారులు గుడారపు ద్వారమునొద్దనే దుష్టకార్యములు చేసిరి. తండ్రి గద్దించెను గాని అడ్డగింపలేదు. తెల్లవారువరకు బాలుడు పండుకొని, లేచి ఎప్పటివలె తలుపులు తీసెను. చెప్పుటకు భయపడెను. బిడ్డలు అట్లే చేయుదురు. భయంకరమైనదానిని కడుపులో పెట్టుకొని నీళ్లు తెత్తురు, గేదెను తోలుకొనివత్తురు, బడికి పోవుదురు.

తన కుమారుల విషయములో తప్పిపోయిన ఏలీ ఈ యొక్క విషయములో సరిగా చేసెను. బాలుని కుమారుడా యని పిలిచి, నాయొద్ద ఏమియు దాచవద్దని అడిగెను. విన్న మాట తన యింటికే విరోధమైనను బిడ్డను కొట్టలేదు, అబద్ధికుడని అనలేదు. మన ఇంటికి విరోధమైనను బిడ్డ మాటను వినగల పెద్దలు మన సంఘములకు కావలెను. అందుకు కొన్ని సంగతులు వ్రాయుచున్నాను. స్త్రీల సమాజములోను, పెద్దల కూటములోను చదువుడి.

(1) బిడ్డ చెప్పినప్పుడు ఆగి వినుడి. నీవెందుకు పోతివి, ఎందుకు అరువలేదు అని అడుగవద్దు. “నీవు చెప్పినది మంచిపని. తప్పు నీది కాదు” అను రెండు మాటలు చాలును. చెప్పినదానినే పదిమంది చేత పదిసార్లు చెప్పింపవద్దు.

(2) ఎవరికిని చెప్పనని బిడ్డకు మాట ఇయ్యవద్దు. నిన్ను కాపాడగలవారికి చెప్పుదునని చెప్పుడి.

(3) పోలీసు ఠాణాకు గాని, బాలల సహాయమునకున్న 1098 నంబరుకు గాని వెంటనే తెలియజేయుడి. ఫోను చేయుటకు డబ్బు అక్కరలేదు. ఆస్పత్రికి తీసికొనిపోవుటలో ఆలస్యము చేయవద్దు. ఆడపిల్లను స్త్రీ వైద్యురాలే, తల్లిదండ్రులలో ఒకరో బిడ్డ నమ్మినవారో ప్రక్కనుండగా, పరీక్షింపవలెను.

(4) ఠాణా యని భయపడవద్దు. బిడ్డ మాటను బిడ్డ ఇంటిలోనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవరకు స్త్రీ సబ్ ఇన్‌స్పెక్టరు, పోలీసు దుస్తులు లేకుండ, వ్రాసికొనవలెనని చట్టము. బిడ్డను రాత్రి ఠాణాలో ఉంచరాదు. న్యాయస్థానములో బిడ్డకు దోషి ముఖము కనబడకుండ చేయవలెను. విచారణ మూసిన తలుపుల లోపల జరుగవలెను.

(5) ఆ బిడ్డ పేరు పత్రికలకు ఎక్కరాదని చట్టము నిషేధించినది. మనము ప్రార్థన మనవి పేరిటనైనను సభలో ఆ పేరు ఎత్తవద్దు. దేవునికి ఆ పేరు తెలియును.

(6) ఆదివార పాఠశాల, సెలవుల బైబిలు బడి, హాస్టలు — ఎక్కడనైనను బిడ్డతో ఒక పెద్ద ఒంటరిగా మూసిన గదిలో ఉండకూడదను నియమము పెట్టుడి. కాపరికిని అదే నియమము; నాకును అదే.

(7) విచారణ సాధ్యమైనంతవరకు ఒక సంవత్సరములో ముగియవలెనని చట్టములో ఉన్నను వాయిదాలు పడుచునే యుండును. జిల్లా కేంద్రమునకు పోయిన ప్రతి దినము కూలి పోవును. ఊరివారు మాటలాడుట మానుదురు. అక్కడనే అనేక కుటుంబములు అలసిపోయి రాజీకి ఒప్పుకొనును. కాబట్టి సంఘము బస్సు చార్జీ ఇయ్యవలెను, ఒకరు తోడుగా పోవలెను, వారి చేను కోతకు వచ్చినయెడల నలుగురు కొడవళ్లు పట్టవలెను. ఉచిత న్యాయసహాయమును, పరిహారమును గూర్చి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగుడి. తామారు వీధిని ఏడ్చుచు ఒంటరిగా నడిచెను. మన తామారు ఒంటరిగా నడువకూడదు.

ముగింపు

తామారు పక్షమున ఎవరు మాటలాడిరి? ఆ దినమున ఎవరును లేరు. పరిశుద్ధాత్ముడు ఆ కథను మూసిపెట్టక, రాజకుమారుని పేరుతోను రాజు కోపముతోను సహా వ్రాయించి, మూడువేల యేండ్ల తరువాత మన పల్లెలో మనచేత చదివించుచున్నాడు. ఆ యింటివారు దాచినదానిని దేవుడు దాచలేదు. అబ్షాలోము తన కుమార్తెకు తామారు అని పేరు పెట్టెనని తరువాతి అధ్యాయములో కనబడుచున్నది. ఊరకుండుమని చెప్పిన చెల్లెలి పేరును అతడు తన ముంగిట ప్రతిదినము పిలువవలసి వచ్చెను.

పార్లమెంటు శిక్షను పెంచినది. అది చేయవలసినదానిని చేసినది. మిగిలినది మన యింటి గడపయొద్ద నున్నది.

చర్చించుటకు ప్రశ్నలు

1. అబ్షాలోము మాట, దావీదు కోపము — ఈ రెండింటిలో మన సంఘములో ఎక్కువగా కనబడునది ఏది?
2. మన పిల్లలలో ఒకరు ఈ దినమున ఇట్టి సంగతి చెప్పదలచినయెడల ఎవరియొద్దకు పోవుదురు? వారు మన మగపిల్లలకు కూడ అందుబాటులో ఉన్నారా?
3. మన ఆదివార పాఠశాలకును హాస్టలుకును పైన చెప్పిన ఆరవ నియమమును ఎన్నడు అమలుపరచెదము? దినము వ్రాసికొనుడి.

ప్రార్థన

చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొనిన ప్రభువా, మేము విని ఊరకున్న దినములను క్షమించుము. మా మౌనమువలన దూరపు ఊళ్లకు పంపబడిన బిడ్డలను నీవు ఎరుగుదువు. వారు ఎక్కడనున్నను వారిని ఓదార్చుము. తీర్పు తీర్చువారికి వివేకమును, మాకు ధైర్యమును దయచేయుము. మా గుడిని, మా గడపలను నీ చిన్నవారికి భయములేని చోటులుగా చేయుము. నీ నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.